లాగ్ బుక్కు పెట్టి ఇంటర్నెట్ నడిపిన ఇల్లు మాది

మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చినంక పడ్డ మొదటి ఫోన్ బిల్లు 3,860 రూపాయలు. అంతకు ముందు బిల్లు 370 చిల్లర ఉండె. బాపు ఆ కాయితాన్ని రెండు సార్లు కిందమీద చూసి, తర్వాత నన్ను చూసి, ఏం అనకుంట షర్టు జేబుల పెట్టుకొని డ్యూటీకి పోయిండు. తిట్టినా బాగుండు, ఏం అనకపోయేసరికి నాకు పొద్దంత అన్నం పోలే. ఆ సంగతి చెప్పాలంటే ముందు అసలు కంప్యూటర్ ఎట్ల వచ్చిందో చెప్పాలె.

మాది కాజీపేట డీజిల్ కాలనీ. బాపు లోకోషెడ్ల, అంటే రైలింజన్లు బాగుచేసే కాడ, ఫిట్టరు. 1999ల నేను హన్మకొండల డిగ్రీ ఫస్టియర్. అప్పుడు చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా ఎటు చూసినా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బోర్డులే, సి అంట, ఒరాకిల్ అంట, కోర్సు అయిపోంగనే విమానం ఎక్కుడే అన్నట్టు ఉండె. నేను చేరిన దాంట్ల చెప్పులు బయట విడిచి పోవాలె, ఏసీ రూము, ఇద్దరికి ఒక కంప్యూటర్, రోజుకు గంట, ఆ గంటల సగం పక్కోడు కీబోర్డు ఇయ్యనే ఇయ్యడు. మొదటి పదిహేను రోజులు థియరీ, అంటే కంప్యూటర్ ముట్టకుంట ఛార్లెస్ బాబేజ్ గురించి నోట్సు రాసుకునుడు. చౌరస్తా కాడ నెట్ సెంటర్ల గంటకు 60 రూపాయలు ఉన్న రోజులవి, ముగ్గురం దోస్తులం తలా ఇరవై ఏసుకొని ఒకటే కుర్చీ మీద ఇరికి కూసొని హాట్‌మెయిల్ల అకౌంటు తెరిచినం. తెరిచి ఏం జేసినం? ఒకరికొకరం మెయిల్ కొట్టుకున్నం, పక్కపక్కనే కూసొని.

ఇంట్ల కంప్యూటర్ కావాలె అని ఏడాది నసపెట్టిన. బాపు లెక్కల అది పనిముట్టు అయితే కొనాలె, ఆట వస్తువు అయితే వద్దు. మా అక్క టైపు హయ్యర్ పాసైంది, దాని మీద కొట్టుకుంటే జాబ్ వర్కు వస్తది అని అక్కనే ఒప్పించింది, నా మాట మీద కాదు. 2000ల సొసైటీల లోను తీసిండు.

అప్పుడు వరంగల్ల కొంటే రెండు మూడు వేలు ఎక్కువైతదని అందరు సికింద్రాబాద్ పార్క్‌లేన్ల చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయేది, అదే సీటీసీ అంటం. రైల్వే పాసు ఉండనే ఉండె. పొద్దున భాగ్యనగర్ ఎక్కి పోయినం. ఆ బిల్డింగుల మెట్ల మీద కూడా డబ్బలే, ఒక్కో షాపుల అదే సామాను వేరే రేటు. బాపు నాలుగు షాపులు తిరిగి చీటీల మీద కొటేషన్లు రాయించుకొని, మళ్ళ మొదటి షాపుకే పోయిండు, ఎందుకంటే వాడు ఒక్కడే కుర్చీ ఏసిండట. సెలెరాన్ 466, ఇంటెల్ 810 బోర్డు, 64 ఎంబీ ర్యాము, 10 జీబీ హార్డ్ డిస్కు, 14 ఇంచుల కలర్ మానిటర్, ఫ్లాపీ డ్రైవు, సీడీ డ్రైవు, 56కె ఇంటర్నల్ మోడెం, యూపీఎస్ అన్నీ కలిపి 31,500 అయింది. షాపు పిలగాడు అసెంబుల్ చేస్తుంటే బాపు పక్కన్నే నిలబడి చూసుడు. వాడు బోర్డుకు ఆరు స్క్రూలు బిగియ్యాల్సిన కాడ నాలుగు బిగిచ్చి మూత పెట్టబోతే "బిడ్డా, ఇంకా రెండు బోల్టులున్నయి" అన్నడు. వాడు నవ్విండు. బాపు నవ్వలే. రెండూ బిగియించినంకనే పైసలు లెక్కపెట్టిండు.

తిరుగు రైలు ఎక్కుడు ఇప్పటికీ కండ్ల ముందట ఉన్నది. మానిటర్ డబ్బకు కిటికీ సీటు. సీపీయూ డబ్బను బాపు కింద పెట్టనియ్యలే, బోగీ అదురు హార్డ్ డిస్కుకు తాకొద్దని తన రెండు పాదాల మీద పెట్టుకొని కూసున్నడు, ఎవరన్నా ఎక్కి దిగుతుంటే మోకాళ్ళు అడ్డం పెట్టుడు. ఘట్‌కేసర్ కాడ ఒకాయన "టీవీ ఎంతల వడ్డది అన్నా" అని అడిగిండు. "టీవీ గాదు" అని బాపు ఇంకేం చెప్పలే. భువనగిరి దాటినంక ఆయనే మళ్ళ అడిగిండు, అప్పుడు చెప్పిండు, ఇగ జనగామ వచ్చేసరికి బోగీల సగం మందికి మా ర్యాము ఎంతనో ఎర్కయింది. కాజీపేటల దిగేసరికి బాపు కాళ్ళు తిమ్మిరెక్కి ప్లాట్‌ఫారం మీద కుంటుకుంట నడిచిండు.

తెల్లారి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టినం. సాయంత్రానికి దాన్ని ముట్టుకుంటే జిల్లుమని షాకు. కాలనీల ఒకాయన మిషను ఖరాబుంది వాపసు ఇచ్చేయ్ అన్నడు. బాపు టెస్టర్ పెట్టి చూసిండు, క్యాబినెట్ మీద లైటు ఎలిగింది. మిషన్ల ఏం తప్పు లేదు, లోపట కరెంటు ఇచ్చే డబ్బ ఎస్‌ఎంపీఎస్‌ల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటయి, వాటి నుంచి జరంత కరెంటు రేకు డబ్బకు వస్తది, ఎర్త్ ఉంటే భూమిలకు పోతది, లేకుంటే మన ఏలికి పోతది. మా ఇంటి ప్లగ్గుల మూడో బొక్క పేరుకే ఉండె. ఆదివారం నాడు ఎనక దిక్కు గుంత తవ్వి పైపు దించి బొగ్గు, దొడ్డుప్పు పొరలు పొరలుగ నింపి వైరు గుంజిండు. ఎండకాలం వస్తే ఆ గుంతల రోజు ఒక బిందె నీళ్ళు పొయ్యాలె, ఆ డ్యూటీ నాది. కంప్యూటర్‌కు నీళ్ళు పోసుడు అని అక్క ఎక్కిరించేది.

ఇగ మోడెం, అంటే ఫోన్ లైన్ మీద కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలిపేది. ఫోన్ మాకు 1998లనే వచ్చింది, దరఖాస్తు పెట్టి ఏండ్లు ఎదురుచూసినంక. కాలనీల చానా మందికి మా నంబరే, పెండ్లి పత్రికల మీద కూడా మా నంబరు రాసి పక్కన పీపీ, అంటే పక్కింటోళ్ళ ఫోన్, అని పెట్టుకునేది. ఆ ఫోన్ వైరును తీసి కంప్యూటర్ ఎనకాల గుచ్చి, విండోస్ 98ల డయలప్ నెట్‌వర్కింగ్ తెరిచి కనెక్ట్ కొడితే "నో డయల్ టోన్" అంటది. ఫోన్ ఎత్తితే టోను మంచిగ వినొస్తాంది, కంప్యూటర్‌కేమో వినొస్తలేదు! పది రోజులు ఇదే. వైరు మార్చిన, జాక్ మార్చిన, విండోస్ మళ్ళ ఎక్కిచ్చిన. ఆఖరికి హన్మకొండల రిపేర్లు చేసే ఒకన్న రెండు నిమిషాలల్ల చెప్పిండు, ఈ మోడెంలు అమెరికా డయల్ టోన్ కోసం చూస్తయి తమ్మి, అది వేరు తీరు, మన లైన్ మీద వచ్చేది 400 హెర్ట్జ్ ది వేరు తీరు, దానికి మనది టోను లెక్కనే అనిపియ్యది. మోడెం సెట్టింగులల్ల డయల్ టోన్ కోసం ఆగు అని ఒక టిక్కు ఉంటది, అది తీసెయ్, లేకుంటే ఎక్స్‌3 అని కమాండు రాయి, టోను చూడకుంటనే కొడతది. టిక్కు తీసిన. కొట్టింది. ముందు టకటక నంబరు నొక్కుడు, తర్వాత ఒక సన్నటి కూత, ఆ తర్వాత రెండు మోడెంలు లైన్ ఎంత మోస్తదో చూసుకుంట గరగర కీచుకీచు కొట్లాడుకునుడు. బాపు పక్క రూములకెళ్ళి ఉరికొచ్చిండు, ఏందో కాలిపోతాందని.

ఇప్పుడు బిల్లు సంగతి. ఒక కంప్యూటర్ పుస్తకంతోని సీడీ ఫ్రీగ వచ్చింది, దాంట్ల ఒక కంపెనీ ట్రయల్ అకౌంటు, ఇన్ని గంటలు ఉచితం అని. ఇంటర్నెట్ అందరికి ఇచ్చుడు సర్కారు కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15 నాడే మొదలుపెట్టింది, 1998 నవంబరు నుంచి ప్రైవేటోళ్ళకు కూడా దారి ఇచ్చిన్రు, కానీ వాళ్ళ నంబర్లు అన్నీ పెద్ద పట్నాలల్లనే. ఆ సీడీ లిస్టుల వరంగల్ లేదు, హైదరాబాద్ ఉన్నది. నేను తెలివి ఉపయోగించి ముందట 040 పెట్టి కొట్టిన. కలిసింది! కలిసిన సంబురంల, ఉచితం అన్నది ఆ కంపెనీ అకౌంటే గానీ వేరే ఊరికి కొట్టే ఎస్టీడీ కాల్ కాదన్న ముచ్చట బుర్రకు ఎక్కలే. కొంచెం ఎక్కింది అనుకోర్రి, అందుకే ఎక్కువ రాత్రి 11 దాటినంక కొట్టేది, పావు రేటని. ఆ పావు రేటు కోసమే ఊర్ల ఎస్టీడీ బూతుల కాడ ఆ టైముల లైన్లు కట్టి నిలబడేది. కానీ బాపుకు పగలు షిఫ్టు పడితే పగలు కూడా కొట్టిన. అబద్ధం ఎందుకు.

సాయంత్రం బాపు డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు చేతుల ఒక లాంగ్ సైజు రిజిస్టర్, గట్టి అట్ట, బజార్ల కొన్నది. ఇంజను షెడ్డుకు వస్తే లాగ్ బుక్కుల ఎప్పుడొచ్చింది, ఏం రిపేరు చెప్పిన్రు, ఏం చేసినం, ఎవరు చేసిన్రు, ఎప్పుడు పోయింది అని రాస్తరట. స్కేలు పెట్టి గీతలు కొట్టి అయిదు కాలమ్స్ చేసిండు. తేదీ, ఇన్, ఔట్, పర్పస్, రిమార్క్స్. "రాయకుండ ఇంజన్ కదలది, రాయకుండ ఇది కదలొద్దు" అన్నడు. గంతే. 3,860 గురించి ఆ తర్వాత కూడా ఒక్క మాట అనలే, కాకపోతే మొదటి పేజీల మొదటి లైన్ల ఎర్ర పెన్నుతోని ఆ అంకె రాసి కింద గీత కొట్టిండు. ఎప్పుడు పుస్తకం తెరిచినా అదే కనవడాలె.

2000 అక్టోబరుల సర్కారు ఫోన్ల డిపార్టుమెంటు బీఎస్‌ఎన్‌ఎల్ అయినంక కొన్ని రోజులకు మాకు వాళ్ళ ఇంటర్నెట్ సంచార్‌నెట్ దొరికింది, 172222 కొడితే చాలు, ఎస్టీడీ పీడ లేదు. అయినా లోకల్ కాల్ అంటే మూడు నిమిషాలకొకటి, గంటకు ఇరవై కాల్స్ అని బాపు లెక్క. అందుకని మా ఇంట్ల ఇంటర్నెట్ అంటే అంగడికి పోయినట్టు, ఏం తేవాల్నో ముందే చీటీ రాసుకొని పోవాలె. మెయిల్స్ అన్నీ నోట్‌ప్యాడ్ల టైపు చేసి పెట్టుకునుడు. చూడాల్సిన సైట్లు కాయితం మీద రాసుకునుడు. కనెక్ట్ కాంగనే నోట్‌ప్యాడ్ నుంచి కాపీ, పేస్టు, సెండ్, ఒకదాని మీద ఒకటి ఆరేడు కిటికీలు తెరిచి, అన్నీ దిగినయా చూసి, కట్. కట్ చేసినంక నిమ్మళంగ చదువుకునుడు. చదువుతుంటే ఒక లింకు మంచిగ కనవడితే నొక్కుతందుకు లేదు, రేపటి చీటీల రాసుకోవాలె. ఇప్పుడోళ్ళకు ఇది చెప్తే నమ్మరు, ఇంటర్నెట్ల ఉన్న టైము కన్నా దాని కోసం తయారయ్యే టైమే ఎక్కువ ఉండె.

పాట దించుడు అంటే పెద్ద కార్యం. మోడెం పేరు 56కె గానీ మాకు సెకనుకు నాలుగు కేబీ వస్తే పండుగ. నాలుగు ఎంబీ పాట పదిహేడు నిమిషాలు, అంటే ఆరు కాల్స్. పదహారో నిమిషంల అమ్మ పోయి ఫోన్ ఎత్తుతది. "అల్లో" అంటది. గరగర ఇని "ఎవరో గొంతు పట్టుకున్నోడు చేసిండు" అని పెట్టేస్తది. లైన్ కట్. తర్వాత ఆగిన కాడికెళ్ళి మళ్ళ దించే సాఫ్ట్‌వేరు దొరికింది గానీ అప్పటికి ఫోన్ మీద నేను స్కెచ్ పెన్నుతోని "ఎత్తొద్దు" అని చీటీ అంటించిన. అమ్మకు చదువు రాదు, అది వేరే ముచ్చట. అక్క ఆ చీటీ మీద ఎర్ర గుడ్డ కట్టింది, ఎర్రది కనవడితే ఎత్తొద్దని. రైల్వే ఇల్లు కదా, అది మాత్రం అందరికీ సమజైంది.

పర్పస్ కాలమ్‌ల ఎక్కువ సార్లు ఉన్నది "ఎదురింటి అత్త, దుబాయి". ఆమె కొడుకు దుబాయిల ఏదో కంపెనీ స్టోర్ల చేసేది, వాడు సెలవు నాడు నెట్ సెంటర్‌కు పోయి మెయిల్ పెట్టేది. ఫోన్ కార్డు పైసలు ఎక్కువ, ఉత్తరం ఏస్తే పదిహేను రోజులు, మెయిల్ అయితే అప్పుడే. అత్త వచ్చి పీట మీద కూసొని చెప్తది, అక్క టైపు చేస్తది, టైపు మిషను అనుకొని గట్టిగ కొడతది, టేబుల్ అంత ఊగేది. తెలుగుల కొట్టుడు అప్పుడు మాకు రాదు. పేపరోళ్ళ సైటు చదువుదామన్నా వాళ్ళ ఫాంటు వేరే దించుకోవాలె, లేకుంటే అన్నీ పిచ్చి గీతలే. అందుకని ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు రాసుడు. ఒకసారి అత్త "మీ బాపుకు కాళ్ళు ఇంకా తగ్గలేవు, గోలీలు ఏసుకుంటుండు" అని చెప్పింది, అక్క అట్లనే కొట్టింది. ఇంగ్లీషు అక్షరాలల్ల కాళ్ళు రాసినా కళ్ళు రాసినా కల్లు రాసినా అన్నీ ఒకటే. వారం తిరగంగనే దుబాయి నుంచి ఇంత పొడుగు మెయిల్, నేను ఇక్కడ ఎండల సచ్చుకుంట పైసలు పంపిస్తుంటే ఆయన ఇంకా కల్లు తాగుడు తగ్గిస్తలేడా, మళ్ళ నువ్వు కూడా ఆయన దిక్కే మాట్లాడుతున్నవా అని. నేను చదివి వినిపిస్తుంటే అత్త మొఖం చూడాలె. ఇంకో గమ్మత్తు, ఆ మాట ఇంటికి పోయి చెప్తే ఆ మామ నిజంగనే వారం రోజులు కల్లు మండువ దిక్కు పోలేదట, పాపం ఆయనకు ఏమని అర్థమైందో.

2001 ఏప్రిల్ల ఇంకొకటి అయింది. సీఐహెచ్ అని ఒక వైరస్, ఏటా ఏప్రిల్ 26 నాడు లేస్తది, హార్డ్ డిస్కు తుడిచేస్తది, కొన్ని బోర్డులల్ల మిషనును లేపే బయాస్ ప్రోగ్రాం కూడా చెరిపేస్తది. యాంటీవైరస్ కొనేంత లేదు కాబట్టి అందరు చేసిన పనే నేను చేసిన, 25 రాత్రి కంప్యూటర్ల తేదీ తీసి 27 పెట్టిన. మిషనుకు 26వ తారీఖే రాలే. కాకపోతే ఆ రాత్రి లాగ్ బుక్కుల కూడా కంప్యూటర్ మూలకు చూసి 27 అని రాసిన. బాపు పట్టుకున్నడు. "రేపు కాకముందే ఎల్లుండి ఎట్ల నడిపినవ్?" వైరస్ ముచ్చట చెప్పిన. ఆయనకు నచ్చింది, రిమార్క్స్ కాలమ్‌ల "ఒక రోజు బైపాస్ చేయబడినది" అని తనే రాసిండు.

బాపు మాత్రం కంప్యూటర్ ముందట కూసోలే రెండేండ్లు. 2002ల ఒక రాత్రి నేను రైలు పిచ్చోళ్ళు నడిపే ఐఆర్‌ఎఫ్‌సీఏ సైటు తెరిచిన, డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ల ఫోటోలు ఉంటే చూపిద్దామని. అవి బాపు జిందగంత రిపేరు చేసిన ఇంజన్లే, అమెరికా ఆల్కో కంపెనీ డిజైను, పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. ఫోటో మీదికెళ్ళి కిందికి కొంచెం కొంచెం దిగుతుండె. ముందు ఆకాశం. తర్వాత ఇంజన్ మీది కప్పు. పొగ వచ్చే మూతి. బాపు కుర్చీ దగ్గరికి గుంజుకున్నడు. హెడ్‌లైటు. కిటికీ. నంబరు సగం దిగకముందే "మనదే" అన్నడు. ఎట్ల తెలుసు అన్న. ఆగు అన్నడు. ఇంకో అరనిమిషానికి నంబరు కింద కేజెడ్‌జే అని కాజీపేట షెడ్ పేరు వచ్చింది, ఆ కింద క్యాటిల్ గార్డు, దాని ఎడమ మూల ఒక అతుకు. "గా వెల్డింగు నేను దగ్గరుండి పెట్టించింది" అన్నడు, తెర మీద ఏలు పెట్టి. నేను కట్ చెయ్యాల్నా అంటే ఇనలే. ఇంకోటి తెరువు అన్నడు. ఇంకోటి. ఆ రాత్రి పదిహేను కాల్స్ పోయినయి, నేను లెక్క గుర్తు చేస్తే చెయ్యి ఊపిండు.

తెల్లారి రాద్దామని బుక్కు తెరిస్తే అప్పటికే ఆయన రాతల రాసి ఉన్నది. ఇన్ 22.50, ఔట్ 23.35. పర్పస్: లోకో ఇన్‌స్పెక్షన్. రిమార్క్స్: పెయింట్ పోయినది, షెడ్డుకు రావలెను.

ఆ తర్వాత వారానికొక్కసారన్నా ఆయన ఎంట్రీలు ఉంటుండె. పర్పస్ ఎప్పుడూ ఇన్‌స్పెక్షనే.

2005ల బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది, మా దిక్కు వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది. 256 కేబీపీఎస్, ఫోన్ ఫోన్‌దే నెట్ నెట్‌దే, ఎర్ర గుడ్డ అక్కర లేదు. మా ప్లాన్ల రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత దించినా ఫ్రీ, నేను రెండింటికి అలారం పెట్టుకొని లేసి డౌన్‌లోడ్ పెట్టి పండుకునేది. బాపు లాగ్ బుక్కుల కొత్తగ ఎంబీ అని ఇంకో కాలమ్ గీసిండు, నాలుగు రోజులు రాసినం. అయిదో రోజు మోడెం కట్ చెయ్యనే లేదు, అంటే ఇన్ ఉన్నది గానీ ఔట్ లేదు. ఔట్ లేకుంటే ఎట్ల రాస్తం అని నేను, ఔట్ లేకుంటే అది ఇంకా లైన్ మీదనే ఉన్నట్టు అని బాపు. ఆ గడి అట్లనే ఖాళీ ఉన్నది. ఆ పక్క పేజీ నుంచి పాల లెక్క. అమ్మ చెప్తే అక్క రాసింది, అవే కాలమ్స్ల. అర లీటరు, అర లీటరు, రాలే, అర లీటరు, చుట్టాలు వచ్చిన్రు లీటరున్నర.